దెయ్యాల దారిలో అమ్మతో

ఈ ట్రిప్ ఐడియా నాది కాదు, మా టీమ్‌లో కిశోర్‌ది. వాడు ఢిల్లీ ఆఫీసులో ఉన్నప్పుడు రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట చూసొచ్చాడు. సూర్యాస్తమయం తర్వాత లోపలికి రాకూడదని పురావస్తు శాఖ వాళ్ళే బోర్డు పెట్టిన కోట అది. ఆ బోర్డు పక్కన నిలబడి దిగిన ఫొటో ఇప్పటికీ వాడి వాట్సాప్ డీపీ. లంచ్‌కి కూర్చున్న ప్రతిసారీ ఆ కథే. ఒకరోజు ఉన్నట్టుండి, "మీ వైజాగ్‌లో ఏముందిరా, బీచ్ తప్ప?" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "ఏం, మాకు దెయ్యాల్లేవనుకున్నావా?" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, అది గొప్పగా చెప్పుకునే విషయం కాదని.

ఆ రాత్రే ఎక్సెల్ షీట్ తెరిచాను. మా వృత్తిలో ఏ సమస్యకైనా మొదటి మందు అదే. ప్రదేశం, దూరం, చరిత్ర, దెయ్యం ఎవరు, భయం ఎంత (5 మార్కులకి) అని గడులు పెట్టాను. భీమిలి డచ్చి సమాధులు, పద్మనాభం, విజయనగరం, బొబ్బిలి వరసగా రాసుకుంటూ వెళ్ళాను. అన్నిటికీ రెండో, మూడో మార్కులు పడ్డాయి. చివర్లో ఏమీ ఆలోచించకుండానే ఇంకో వరస టైప్ చేశాను: "అమ్మమ్మగారి ఊరి దెయ్యాల బావి". భయం: 5.

నాకు 28 ఏళ్ళు. ఇంజనీరింగ్ చదివాను. దెయ్యాల్లేవని వాదించి గెలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. అయినా ఆ 5ని 4 చేయడానికి చెయ్యి రాలేదు.

శనివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాలనుకున్నాం. నేను, కిశోర్, మా టీమ్‌లోనే చేసే అనూష. ముందు రోజు రాత్రి అమ్మ నెమ్మదిగా అంది, "బొబ్బిలి మీదుగానే కదరా వెళ్తారు? నన్నూ దింపెయ్." మావయ్య ఊళ్ళో ఇల్లు అమ్మేస్తున్నాడు. కాగితాల మీద అమ్మ కూడా సంతకం పెట్టాలి. కొన్నవాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, పెరట్లో ఉన్న బావి పూడ్చి ఇవ్వాలట. ఆదివారం పొద్దున్నే జేసీబీ వస్తుందట.

ఆ బావే. నా షీట్‌లో చివరి వరస.

అలా, వెనక సీట్లో అమ్మని, రెండు బాక్సుల పులిహోరని, ఒక స్టీలు మరచెంబుని కూర్చోబెట్టుకుని దెయ్యాల్ని చూడ్డానికి పట్టపగలు బయల్దేరిన మొదటి బ్యాచ్ బహుశా మాదే.

భీమిలి చేరేసరికి ఏడున్నర. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర ఎవరూ లేరు, నాలుగు మేకలు తప్ప. 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికని సముద్రం దాటి ఇక్కడికి వచ్చారు వాళ్ళు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. కొన్ని సమాధులు పిరమిడ్‌లా కోసుగా, కొన్ని స్తంభాల్లా పొడుగ్గా ఉన్నాయి. ఉప్పుగాలికి చాలా అక్షరాలు అరిగిపోయాయి. అయినా వేలు పెట్టి తడిమితే ఒకటీ అరా తగులుతాయి.

చిన్నప్పుడు మా వీధిలో పిల్లలం చెప్పుకునేవాళ్ళం, రాత్రిళ్ళు ఇక్కడ లాంతరు పట్టుకుని ఒక దొర తిరుగుతాడని. ఓడ ఎప్పుడొస్తుందని దారిన పోయేవాళ్ళని అడుగుతాడట. ఏ భాషలో అడుగుతాడని అనూష అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరికీ రాని సందేహం అది. డచ్చి భాషలో అడిగితే మనకి అర్థం కాదు. అర్థం కాకపోతే ఓడ గురించి అడిగాడని ఎలా తెలిసింది? కిశోర్ భయం మార్కుల్ని 2 నుంచి 1కి తగ్గించాడు.

అమ్మ ఒక సమాధి అంచున కూర్చోబోయి, తప్పనుకుందేమో, మళ్ళీ లేచి నిలబడింది. "రాయి మీద పేరుంది, చుట్టూ గోడ ఉంది. వీళ్ళకి ఏం లోటని దెయ్యాలవుతారు?" అంది. మేం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

భీమిలి నుంచి లోపలికి తిరిగితే పద్మనాభం. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, వెయ్యికి పైగా మెట్లు. కొండ కింద పొలాలు. చూస్తే ఏమీ ఉండదు. కానీ 1794 జులై 10 తెల్లవారుజామున ఇక్కడ ఒక రాజు చచ్చిపోయాడు. విజయనగరం రాజు చిన విజయరామరాజు. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన బకాయిలు పేరుకుపోయాయి. సంస్థానం వదిలేసి, నెలకి 1200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్ళి ఉండమంది కంపెనీ. ఆయన వెళ్ళలేదు. తన మనుషుల్ని తీసుకుని ఈ కొండ దగ్గర విడిది చేశాడు. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పావు గంటలో అంతా అయిపోయింది. రాజు వైపు చనిపోయినవాళ్ళు 309 మంది.

"ముప్పావు గంటా? మన స్టేటస్ కాల్ అంతకంటే ఎక్కువసేపు నడుస్తుంది," అన్నాడు కిశోర్. అని, తనే ఇబ్బందిగా పొలాల వైపు చూశాడు.

రోడ్డు పక్కన టీ కొట్టాయన్ని అడిగాం, ఇక్కడ రాత్రిళ్ళు గుర్రాల డెక్కల చప్పుడు వినిపిస్తుందంటారు నిజమేనా అని. ఆయన టీ వడకట్టడం ఆపకుండానే చెప్పాడు, "నాకైతే ఎప్పుడూ ఇనబళ్ళేదు బాబూ. మా తాతకి ఇనబడేదట."

ఆ రోజంతా మాకు ఎదురైంది ఇదే. దెయ్యాన్ని చూసినవాళ్ళు ఎవరూ దొరకలేదు. చూసిన తాతలున్నవాళ్ళు మాత్రం అడుగడుక్కీ దొరికారు.

"309 మంది," అంది అనూష కారెక్కుతూ. "లెక్క ఉంది. రాజు పేరు తప్ప మిగతా 309 పేర్లు ఎక్కడైనా రాసి పెట్టారా?" నా షీట్‌లో ఆ గడి లేదు.

విజయనగరం వచ్చేసరికి ఎండ ముదిరింది. కోట బయటి నుంచే చూశాం. మూడులాంతర్ల దగ్గర కారాపమంది అమ్మ. పైడితల్లమ్మ గుడి. ఈ ఊరి మీదుగా వెళ్తూ అక్కడ ఆగకపోవడం మా ఇంట్లో జరగదు. మా వైపు సగం మందికి ఆ తల్లి పేరే ఉంటుంది. మా పదో తరగతి సెక్షన్‌లో పైడిరాజులు ముగ్గురు, పైడితల్లి ఒకరు. మేష్టారు ఇంటిపేర్లతో పిలిచేవారు.

కిశోర్‌ది విజయవాడ. వాడికి ఈ కథ తెలియదు. ప్రసాదం తింటూ అమ్మే చెప్పింది. పైడితల్లి మొదట దేవత కాదు, ఈ ఊరి రాజుగారి చెల్లెలు. అన్న పెద విజయరామరాజు బొబ్బిలి మీదకి యుద్ధానికి వెళ్తుంటే వద్దని బతిమాలిందట. ఆయన వినలేదు. బొబ్బిలి కూలింది. ఆ వెంటనే అన్నా పోయాడు. ఆ కబురుతో ఈమె ప్రాణం విడిచింది. చనిపోయే ముందు, పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని పతివాడ అప్పలనాయుడికి చెప్పిందట. చెరువులో వెతికితే అలాగే దొరికిందట. ఇప్పుడు ఏటా దసరా వెళ్ళాక మంగళవారం నాడు సిరిమానోత్సవం. 60 అడుగుల దాకా ఉండే మాను కొసన పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. ఎక్కడెక్కడి జనమూ వస్తారు.

"అంటే దుఃఖంతో చనిపోయిన అమ్మాయి ఆంటీ," అన్నాడు కిశోర్. "మా ఊళ్ళో అయితే దెయ్యమైందనేవాళ్ళు."

అమ్మ చేతిలో ప్రసాదం ఆగిపోయింది. "రాజుగారి చెల్లెలు కదా బాబూ," అంది కాసేపటికి.

విజయనగరం దాటితే మా అమ్మ భాష మారిపోతుంది. వైజాగ్‌లో పాతికేళ్ళుగా మాట్లాడుతున్న మాటలు గజపతినగరం దగ్గర ఒక్కొక్కటే దిగిపోతాయి. 'ఏమిటి' కాస్తా 'ఏటి' అవుతుంది, 'పిల్లలు' 'గుంటలు' అయిపోతారు. రామభద్రపురం దగ్గర బొబ్బిలి వైపు తిరిగేసరికి నాకు తెలిసిన అమ్మ స్థానంలో ఎవరో పదేళ్ళ అమ్మాయి కూర్చుని కిటికీలోంచి చూస్తున్నట్టుంటుంది.

బొబ్బిలి కథ తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. ఎన్టీఆర్ సినిమాలో చూశాం, కృష్ణంరాజు సినిమాలో చూశాం. 1757 జనవరి 24. ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సైన్యం. ఇంకోవైపు మట్టికోటలో రాజా రంగారావు, ఆయన మనుషులు. కోట నిలబడదని తేలిపోయాక, శత్రువుల చేతికి చిక్కకూడదని లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ తమవాళ్ళే చంపేశారు. తర్వాత తామూ పోరాడి చచ్చిపోయారు. రాజుగారి కొడుకు, చిన్నపిల్లాడు, ఒక్కడు బయటపడ్డాడు. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు కబురు తెలిసి వచ్చి, మూడో రాత్రి విజయరామరాజు డేరాలోకి దూరి పొడిచి చంపాడు. విజయనగరంలో పైడితల్లి ప్రాణం తీసిన కబురు అదే. పొద్దున్నుంచీ మేం తిరిగిన ఊళ్ళన్నీ ఒకే కథకి కొసలని అప్పుడర్థమైంది. పద్మనాభంలో చనిపోయిన చిన విజయరామరాజు కూడా ఆ ఇంటి వారసుడే.

యుద్ధ స్తంభం దగ్గరికి వెళ్ళాం. సాయంత్రం నాలుగు దాటింది. పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. అమ్మ చిన్నప్పుడు ఈ వైపుకి చీకటి పడ్డాక రానిచ్చేవారు కాదట. గాజుల చప్పుడు వినిపిస్తుందని చెప్పేవారట. ఒకరివి కాదు, చాలామందివి.

అప్పటిదాకా జోకులేసిన కిశోర్ అక్కడ మాట్లాడలేదు. స్తంభాన్ని ఒకసారి చుట్టి వచ్చి, నెమ్మదిగా అడిగాడు. "చంపే ముందు వాళ్ళని అడిగుంటారా ఆంటీ?"

సినిమాల్లో ఆ సీన్ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం ఏడ్చేవాళ్ళం. ఎవరం ఆ ప్రశ్న అడగలేదు.

"కొందరు సరేననుంటారు," అంది అమ్మ. "కొందరు బతకాలనుకునుంటారు. ఎవులడిగారు? గాజులు చప్పుడు చేస్తన్నాయంటే అందుకే కాబోలు."

ఊరు ఇంకా 15 కిలోమీటర్లు. రెండు పక్కలా చెరుకు తోటలు. పొద్దు వాలుతోంది. నేను నడుపుతున్నాను. ఎవరూ పాటలు పెట్టమనలేదు.

అనూష అడిగింది, "ఆంటీ, ఇంతకీ ఆ బావిలో దెయ్యం ఎవరు? వీడి షీట్‌లో 'దెయ్యం ఎవరు' అన్న గడి ఆ ఒక్క వరసకే ఖాళీగా ఉంది."

నిజమే. మిగతావాటికి నింపాను. దొర, సైనికులు, రాణివాసం. ఈ బావికి మాత్రం నాకు తెలియదు. వేసవి సెలవులకి వెళ్ళిన ప్రతిసారీ సాయంత్రం ఆరు దాటితే పెరటి తలుపు గడియ పడేది. "అటెల్తే పట్టుకుంటాది" అనేది అమ్మమ్మ. ఏది పట్టుకుంటుందో చెప్పేది కాదు. కార్తీకమాసంలో ఒకరోజు మాత్రం ఆకులో అన్నం, కూర, అరటిపండు పెట్టి తనే తీసుకెళ్ళి బావి గట్టు మీద పెట్టి వచ్చేది. దెయ్యాన్ని శాంతింపజేయడానికి అనుకునేవాణ్ణి. ఆ రాత్రి దుప్పటి ముసుగు తీసేవాణ్ణి కాదు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. అద్దంలో చూస్తే కిటికీ వైపు తిరిగి ఉంది.

"అమ్మమ్మ చెల్లెలు," అంది చివరికి. "మా పిన్ని."

నాకు ఒక చిన్నమ్మమ్మ ఉండేదని నాకు తెలిసిన క్షణం అదే. 28 ఏళ్ళకి.

ఆవిడకి ఇరవై ఏళ్ళుంటాయట అప్పుడు. అమ్మకి ఏడు. పెళ్ళయి రెండేళ్ళు. మొదటిసారి పుట్టింటికి వచ్చేస్తే వారం ఉంచి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపించారు. రెండోసారి చేతి మీద వాతలు చూపించింది. అప్పుడూ పంపించారు. పెద్దమనుషులు కూర్చుని, సర్దుకుపోవాలమ్మా అన్నారు. మూడోసారి రాత్రిపూట ఒక్కర్తీ నడుచుకుంటూ వచ్చింది. అమ్మకి ఆ రాత్రి గుర్తుంది. పిన్ని తన పక్కలోనే పడుకుంది. తెల్లారితే బండి కట్టించి మళ్ళీ దిగబెట్టి వస్తానని తాతయ్య అవతల గదిలో అంటుంటే ఇద్దరూ విన్నారు. "నా జడ ఇప్పి మళ్ళీ అల్లింది. చీకట్లోనే. ఎందుకో తెలీదు," అంది అమ్మ.

తెల్లారేసరికి బావి చుట్టూ జనం.

"నీళ్ళు తోడ్డానికెళ్ళి జారిపోయిందని పోలీసులకి చెప్పారు. దెయ్యమై తిరుగుతోందని ఊరికి చెప్పారు. రెండూ మన ఇంట్లోవాళ్ళే చెప్పారు. దెయ్యమంటే ఇంకెవులూ ఆ ఊసెత్తరు గదా. ఎందుకు పడింది, ఎవులు పంపేరు అని అడగరు. బయిపడతారు గానీ అడగరు."

"మరి అమ్మమ్మ?" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

"దానికి చెల్లెలు కదరా. అందరూ దెయ్యమంటే అదీ దెయ్యమనే అంది. ఏటి చేస్తాది? కార్తీకంలో అన్నం మాత్రం మానలేదు. వంకాయ కూరే వండేది ఎప్పుడూ. పిన్నికి వంకాయంటే ఇష్టం."

ఎదురుగా లారీ వస్తే లైట్లు డిమ్ చేశాను. పొద్దున్నుంచి నేను రాసుకున్న గడులన్నీ కళ్ళముందు తిరిగాయి. అమ్మమ్మ ఆ ఆకు పట్టుకుని చీకట్లో ఒక్కర్తే పెరట్లోకి నడిచేది. ఆవిడకి భయం లేదని నేను అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఇల్లు చేరేసరికి మావయ్య వీధిలోనే ఉన్నాడు. కాఫీలయ్యాయి. కాగితాలు బల్ల మీద పెట్టారు. "రేపు పొద్దున్నకల్లా బావి పని అయిపోద్ది అప్పా," అన్నాడు సంబరంగా. "ఆ దెయ్యం గోల మన ఇంటికి వదిలిపోద్ది."

అమ్మ పెన్ను కింద పెట్టింది.

మా అమ్మ తమ్ముడి మీద గొంతు పెంచడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడూ పెంచలేదు. "సంతకం పెడతాను. కప్పడానికి ముందు నాకొక గంట కావాలి. దానికి పసుపూ కుంకం పెట్టి పంపాలి. పేరంటాలుగా పంపుతాను, దెయ్యంగా కాదు," అంది. మావయ్య ఏదో అనబోయాడు. "నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. నీకు తెలీదు," అంది. ఆయన తల దించుకున్నాడు. తెలుసనే నాకనిపించింది.

మా వైపు ఊళ్ళల్లో పేరంటాళ్ళని కొలిచే ఆనవాయితీ ఉంది. పసుపు కుంకుమలతో పోయిన ఆడవాళ్ళని ఇంటి దేవతలుగా నిలుపుకుంటారు. అందరినీ కాదు. ఎవరిని నిలుపుకోవాలో, ఎవరిని దెయ్యమనాలో బతికున్నవాళ్ళు నిర్ణయిస్తారు.

ఆదివారం తెల్లవారుజామున, జేసీబీ రాకముందే, అమ్మ వంకాయ కూర వండింది. ఇరుగుపొరుగు నుంచి ఐదుగురు ముసలమ్మలు వచ్చారు. పిలిస్తే రారేమో అనుకున్నాం. వచ్చారు. బావి గట్టుకి పసుపు రాశారు. చీర, గాజులు, ఆకులో అన్నం పెట్టారు. నేను, కిశోర్, అనూష పెరటి గుమ్మంలో నిలబడ్డాం. కిశోర్ ఫోన్ బయటికి తీయలేదు. పాతికేళ్ళుగా గడియ పడిన గుమ్మం దాటి నేను బావి దాకా నడిచాను. చాలా చిన్న బావి. చిన్నప్పుడు అంత పెద్దదిగా ఎలా కనిపించిందో.

ఆ ముసలమ్మల్లో ఒకావిడ గట్టు మీద చెయ్యేసి అంది, "పైడమ్మా, ఎల్లిరాయే. బాగా ఎల్లిరా."

ఆ ఇంట్లో ఆ పేరు పైకి పలకడం నేను విన్నది అదే మొదటిసారి. పైడమ్మ. ముందు రోజు మధ్యాహ్నం మేం ఆగి దణ్ణం పెట్టుకుని వచ్చిన పేరే. ఒకామె కోసం ఊరంతా మాను కట్టి మూడుసార్లు తిప్పుతుంది. ఇంకొకామె కోసం నలభై ఏళ్ళకి పైగా ఒక అక్క ఒక్కర్తే ఆకులో అన్నం పెట్టింది. ఆ అక్క కూడా పోయి నాలుగేళ్ళయింది.

ఎనిమిదింటికి జేసీబీ వచ్చింది. పని అరగంటలో అయిపోయింది. అమ్మ సంతకం పెట్టి కారెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు రామభద్రపురం దాకా అమ్మ నిద్రపోయింది. కిశోర్ నా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని షీట్ తెరిచాడు. "భాన్‌గఢ్ ఓడిపోయిందిరా," అన్నాడు. తర్వాత, "చివరి వరసకి 5 అలాగే ఉంచమంటావా?" అని అడిగాడు.

కారు పక్కకి ఆపి ల్యాప్‌టాప్ తీసుకున్నాను. భయం గడిలో ఉన్న అంకె తీసేశాను. కొత్తది ఏదీ వేయలేదు. మొదటి గడిలో "దెయ్యాల బావి" తీసేసి "పైడమ్మ బావి" అని రాశాను. ఖాళీగా ఉన్న గడిలో, దెయ్యం ఎవరు అన్నచోట, "మా చిన్నమ్మమ్మ" అని రాసి సేవ్ చేశాను.